తీగయా? పళ్ళెమా?
(ప్రసంగ పాఠము)

ఇంటికి టెలివిజన్ కొనుట నేడు పెద్ద చర్చకు తావిచ్చు విషయము కాదు. గోడ వెడల్పును బట్టియు, చేతిలోని పైకమును బట్టియు ఏదో ఒకటి తెచ్చుకొందుము. చిక్కు ఆ తరువాతనే వచ్చును. ఆ పెట్టెలోనికి బొమ్మ ఏ దారిని రావలెను? వీధి స్తంభము మీదుగా దిగివచ్చు కేబుల్ తీగ దారినా, మిద్దె మీద బిగించిన డిష్ దారినా? శ్రీకాకుళములో గాని, విజయనగరములో గాని కొత్తగా కాపురము పెట్టినవారు మొదటి వారములోనే తేల్చుకొనవలసిన ప్రశ్న ఇది. తేల్చుకొనుటకు సాధారణముగా అనుసరించు పద్ధతి మాత్రము ఒక్కటే. పొరుగింటివారికేమున్నదో చూచి, మనము కూడ అదే పెట్టించుకొందుము.

రేడియో వారికి టెలివిజన్ ఊసు ఎందుకని మీరనవచ్చును. గాలిలో ప్రయాణము చేయు తరంగము మా వృత్తికి మూలధనము. అది ఎక్కడ సాఫీగా నడచునో, ఎక్కడ తడబడునో గమనించుట మాకు నిత్యకృత్యము. పైగా రేడియో ఉన్న ఇండ్లలో టెలివిజన్ కూడ ఉన్నదన్న సంగతి మేమెరుగనిది కాదు. కావున ఈ రెండు దారుల మంచిచెడ్డలను, మన ఉత్తర కోస్తా వాతావరణమును దృష్టిలో నుంచుకొని, కొంత విచారింతము.

ముందుగా పూర్వకథ కొంచెము చెప్పుకొనవలెను. ఢిల్లీలో టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న మొదలైనవి. మన తెలుగు నాట మాత్రము టెలివిజన్ పట్నములకంటె ముందు పల్లెలకు వచ్చినది. అదియు ఆకాశమునుండి వచ్చినది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఏడాదిపాటు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో మన దేశములో ఒక గొప్ప ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో ఎంపికైన 2,400 గ్రామములలో ఇనుప వలతో చేసిన పెద్ద పళ్ళెములను నిలబెట్టి, ఊరందరికి ఒక్క టెలివిజన్ చూపిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలసినది ఆ తరువాత, 1977 అక్టోబరు 23న. అనగా ఉపగ్రహము నుండి నేరుగా బొమ్మను పట్టుకొనుట మనకు కొత్త విద్య కాదు. అర్ధశతాబ్దము నాటి పాఠమే.

కేబుల్ కథ వేరు. 1991లో గల్ఫ్ యుద్ధ దృశ్యములు ఉపగ్రహ చానెళ్ల ద్వారా వచ్చుచుండగా, పట్టణములలో ఉత్సాహవంతులు కొందరు పెద్ద డిష్ ఒకటి పెట్టి, వీధిలోని ఇండ్లకు తీగలు లాగిరి. 1995లో జెమిని, ఈటీవీ తెలుగులో ప్రసారములు ఆరంభించుటతో ఈ తీగలు మన ఊళ్ళలో కూడ అల్లుకొన్నవి. కేబుల్ టెలివిజన్‌ను క్రమబద్ధము చేయు చట్టము వచ్చినదియు ఆ ఏడాదే. 2003లో ఇంటింటికి చిన్న డిష్ పెట్టు డి.టి.హెచ్. సేవ మన దేశములో ప్రారంభమైనది. మరుసటి సంవత్సరము డిసెంబరులో దూరదర్శన్ వారు నెల చందా లేని ఉచిత డిష్ సేవను తెచ్చిరి. నేడు దానికి డీడీ ఫ్రీ డిష్ అని పేరు. 2012 మొదలు దశలవారీగా కేబుల్ కూడ డిజిటల్ అయినది. రెండవ దశలో, 2013లో, హైదరాబాదు, విశాఖపట్నములు మారినవి. తక్కిన పట్టణముల వంతు, పల్లెల వంతు తరువాత వచ్చినవి. కావున ఇప్పుడు తీగ తీసుకొన్నను, పళ్ళెము తీసుకొన్నను ఇంటిలో సెట్ టాప్ బాక్సు తప్పదు. బొమ్మ నాణ్యములో పూర్వమున్నంత భేదము లేదు. భేదమంతయు ఆ బొమ్మ వచ్చు దారిలోనే ఉన్నది.

ఆ దారులెట్టివో చూతము. కేబుల్ సంస్థవారు ఒకచోట పెద్ద పెద్ద డిష్‌లు పెట్టి చానెళ్లను పట్టుకొందురు. అక్కడ నుండి గాజు తీగ ద్వారా ఊరికి, ఊరినుండి రాగి తీగ ద్వారా వీధికి, వీధి నుండి మీ గోడకు సంకేతము నడచివచ్చును. దూరము పోయిన కొలది సంకేతము నీరసించును గనుక, నడుమ నడుమ స్తంభముల మీద దానికి బలము చేకూర్చు పరికరములను అమర్తురు. వీటిని ఆంప్లిఫయర్లందురు. అవి కరెంటు మీదనే పనిచేయును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

డి.టి.హెచ్. దారిలో మధ్యవర్తులు లేరు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుచు, మన కంటికి కదలనట్లుండు ఉపగ్రహము నుండి సంకేతము నేరుగా మీ మిద్దె మీది పళ్ళెములో పడును. వీధిలోని స్తంభముతో దానికి సంబంధము లేదు. ఇంటిలో బాక్సుకు, టెలివిజన్‌కు కరెంటున్న చాలును.

ఇక్కడ మన ప్రాంతమునకు ఒక సౌకర్యము కలదు. శ్రీకాకుళము సుమారుగా 84 డిగ్రీల తూర్పు రేఖాంశము మీద ఉన్నది. మన దేశపు డి.టి.హెచ్. సంస్థలు వాడుకొను ఉపగ్రహములలో ఒక సమూహము 83 డిగ్రీల వద్ద నిలిచియున్నది. డీడీ ఫ్రీ డిష్ వాడు జీశాట్-15 ఉపగ్రహము 93.5 డిగ్రీల వద్ద ఉన్నది. అనగా ఇవి మనకు ఇంచుమించు నడినెత్తిన, దక్షిణమునకు కొంచెము వాలి ఉన్నట్లు లెక్క. మొదటిది క్షితిజమునుండి సుమారు 68 డిగ్రీల ఎత్తున ఉండును. రెండవది 66 డిగ్రీల ఎత్తున, కొంత ఆగ్నేయముగా ఉండును. డిష్ పళ్ళెము చూచుటకు నిటారుగా నిలబడినట్లుండును గాని, దాని నిర్మాణమును బట్టి దాని చూపు కనిపించినదానికంటె పైకి పోవుచుండును.

ఈ లెక్క వలన మనకేమి ప్రయోజనమని అడుగుదురేమో! ఉద్దానము కొబ్బరితోటలలో కాపురమున్నవారికి ఇది ఎంతో ప్రయోజనము. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములవారు చెట్ల నడుమ డిష్ పనిచేయదేమోనని శంకింతురు. చూపు అంత ఎత్తున పోవునపుడు, డిష్ నుండి ఒక అడుగు ఎడముగా పోయినచో ఆ చూపు రెండడుగులకు పైగా పైకి లేచును. పన్నెండడుగుల మిద్దె మీద డిష్ ఉన్నదనుకొందము. దక్షిణమున అరువది అడుగుల కొబ్బరిచెట్టు ఉన్నదనుకొందము. ఆ చెట్టు మొదలు పాతిక అడుగులకు ఆవలనున్నచో చూపునకు అడ్డు రాదు. మట్టల విస్తారమునకు మరి పది అడుగులు కలిపికొనుట మంచిది. ముప్పది అయిదడుగుల ఖాళీ దక్షిణ, ఆగ్నేయ దిక్కులలో ఉన్నచో నిశ్చింతగా పెట్టించుకొనవచ్చును. అయితే తూర్పునకు మరింత ఒరిగిన ఉపగ్రహమును వాడు సంస్థ విషయమున చూపు క్రిందికి దిగును. అప్పుడు ఖాళీ మరింత కావలెను. బిగించుటకు వచ్చిన మనిషిని ముందుగా ఏ దిక్కునకు, ఎంత ఎత్తునకు చూపునో అడిగి, ఆ తరువాతనే గోడకు మేకు కొట్టనీయవలెను.

ఇక వాన సంగతి. డి.టి.హెచ్. తరంగములు చాల సన్ననివి; దట్టమైన వాన చినుకులు వాటిని మ్రింగివేయును. వైశాఖ జ్యేష్ఠములలో సాయంకాలము ఉరుములతో కుండపోత కురియునపుడు బొమ్మ ముక్కలు ముక్కలై, ఆగిపోవుట డిష్ ఉన్న ప్రతి ఇంటివారికి అనుభవమే. మబ్బు దాటినంతనే తిరిగి వచ్చును. అది పరికరము లోపము కాదు, ప్రకృతి ధర్మము. కేబుల్ సంస్థలు చాలవరకు పెద్ద డిష్‌లతో, వానకు అంతగా లొంగని పొడవైన తరంగములను పట్టుకొనును. అందుచేత మామూలు వానలో కేబుల్‌దే పైచేయి.

కాని మనది మామూలు వానలతో సరిపుచ్చుకొను తీరము కాదు. 2013లో ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరులో కళింగపట్నము వద్ద గులాబ్ తుపాను. ఎనిమిదేండ్లలో నాలుగు దెబ్బలు! తిత్లీ తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనవి. విద్యుత్ స్తంభములు వేల సంఖ్యలో ఒరిగిపోయినవి. చీకటి వీడుటకు కొన్ని ఊళ్ళలో అనేక దినములు పట్టినది.

ఇప్పుడు మేము గుర్తుంచుకొనుమన్న సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కేబుల్ తీగ స్తంభముల మీదుగా వచ్చును. స్తంభము పడినచో తీగ పడును. స్తంభము నిలిచినను, దాని మీది ఆంప్లిఫయరుకు కరెంటు లేనిచో బొమ్మ రాదు. మీ ఇంటిలో ఇన్వర్టరు ఉండి ప్రయోజనము లేదు. వీధికి ఇన్వర్టరు లేదు గదా! ఊరిలో ప్రతి స్తంభము తిరిగి లేచి, ప్రతి ముడి తిరిగి పడువరకు వేచియుండవలసినదే. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మాట కూడ ఇక్కడ చెప్పవలెను. టెలివిజన్, ఇంటర్నెట్, టెలిఫోను మూడింటిని ఒకే గాజు తీగలో తెచ్చు సదుపాయమది. నెలకు 149 రూపాయలకే ఇచ్చెదమని ఆరంభమున ప్రకటించిరి. ఖర్చు తగ్గించుటకై ఆ తీగలను భూమిలో పూడ్చక, విద్యుత్ స్తంభముల మీదుగానే లాగిరి. అందుచేత అదియు గాలికి దాసోహమనవలసినదే.

మరి డిష్ చిరంజీవియా? కాదు. గాలికి పళ్ళెము తెరచాపవంటిది. సరిగా బిగించనిచో మొదటి విసురుకే ఎగిరిపోవును. తుపాను నడినెత్తిన ఉన్న వేళ వాన చేత బొమ్మ కూడ రాదు. కాని గాలి వెలిసిన మరునాడు, పళ్ళెము వంగక నిలిచి, ఇంటిలో ఇన్వర్టరో జనరేటరో ఉన్నచో, ఆ ఒక్క ఇంటిలో వార్తలు వచ్చును. పడిపోయిన పళ్ళెమును నిలబెట్టుట ఒక పూట పని. పడిపోయిన వీధిని నిలబెట్టుట వారముల పని. తీరమునకు దగ్గరగా, మండల కేంద్రమునకు దూరముగా ఉన్నవారికి ఈ వ్యత్యాసము సామాన్యమైనది కాదు.

అయినను ఆకాశము మీద కూడ గుడ్డి నమ్మకము పనికిరాదు. 2010 జూలైలో ఇన్సాట్-4బి ఉపగ్రహమునకు విద్యుత్ సరఫరాలో లోపము కలిగి, దానిలోని ప్రసార పరికరములలో సగము ఆపవలసివచ్చినది. దాని మీద ఆధారపడిన సన్ డైరెక్ట్ ప్రసారములు దెబ్బతిన్నవి. స్తంభము మీది లోపమునకు నిచ్చెన వేయవచ్చును. ఆకాశములోని లోపమునకు నిచ్చెన లేదు. ఏటా రెండు మారులు, మార్చి నడుమను, సెప్టెంబరు అక్టోబరుల సంధిలోను, సూర్యుడు ఉపగ్రహమునకు సరిగా వెనుకకు వచ్చునపుడు కొద్ది నిమిషములు బొమ్మ చెదరుట కూడ కలదు. దానికి కంగారుపడి మెకానిక్కునకు డబ్బు పోయవలసిన పనిలేదు.

ఉరుముల మాట కూడ ఒకటి. పొడవైన రాగి తీగ పిడుగుపాటు తాకిడిని వీధి వీధంతయు మోసుకొని రాగలదు. డిష్ నుండి వచ్చు తీగ కూడ నిరపాయము కాదు. తీగ ఏదైనను, మబ్బు మూసి ఉరుములు దూరమున వినవచ్చుచుండగానే బాక్సునుండి తీగను, గోడనుండి ప్లగ్గును తీసివేయుట క్షేమము. పిడుగులు మీద పడుచుండగా లేచిపోయి తీగను ముట్టుకొనరాదు.

ఇక పైకము. 2019 ఫిబ్రవరి నుండి అమలైన ట్రాయ్ వారి నిబంధనలతో వినియోగదారునకు ఒక హక్కు లభించినది: కావలసిన చానెలు మాత్రమే కొనుక్కొను హక్కు. అప్పుడు మొదటి 100 చానెళ్లు మోసుకొని వచ్చుటకు గరిష్ఠ రుసుము 130 రూపాయలుగా నిర్ణయించిరి. 18 శాతము పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే సొమ్ముకు 200 చానెళ్లన్నారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితిని తొలగించి, సంస్థల ఇష్టమునకు విడిచిరి. కావున మోత రుసుము నేడు సంస్థకొక విధముగా ఉండవచ్చును; అడిగి తెలిసికొనవలెను.

చానెళ్లను విడివిడిగా కాక మూటలుగా కట్టి అమ్ముట ఈ వ్యాపారములోని కిటుకు. 19 రూపాయలకు మించిన ధరగల చానెలును మూటలో చేర్చరాదని నియమము. అయినను మూటలో మనము చూచునవి నాలుగైదే, తక్కినవి మూటబరువు. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అని సామెత. ఇక్కడ కొసరు గుమ్మడికాయకు కూడ మనమే వెల చెల్లించుచున్నాము. ఒక వారముపాటు ఇంటిల్లిపాదియు నిజముగా చూచిన చానెళ్లను ఒక కాగితము మీద వ్రాసి చూడుడు. జాబితా పదిహేను దాటుట అరుదు. ఆ జాబితాను చేతబట్టుకొని కేబుల్ వారిని, డి.టి.హెచ్. వారిని ధర అడిగినచో, నెలకు 50 రూపాయల తేడా తేలినను సంవత్సరమునకు 600 మిగులును.

సొమ్ము కట్టు తీరులో కూడ భేదమున్నది. డి.టి.హెచ్.కు ముందుగా రీచార్జి చేయవలెను. గడువు తీరిన క్షణమున బొమ్మ ఆగును, మొగమోటమి లేదు. కేబుల్ విషయమున మీ వీధి ఆపరేటరు మీకు ముఖపరిచితుడు. పంట చేతికి రాని నెలలో వారము ఆగుమన్న ఆగువాడు. తీగ తెగినదని కబురంపిన సైకిలు మీదనో, మోటారుసైకిలు మీదనో వచ్చి ముడివేయువాడు. ఆ చెలిమి విలువ రసీదులో కనిపించదు. డి.టి.హెచ్. వారికి ఫోను చేసినచో విశాఖపట్నములోనో, మరెక్కడనో ఒక గొంతు పలికి ఫిర్యాదు సంఖ్య ఇచ్చును. అయితే చెలిమి ఉన్నదని రసీదు అడుగక మానరాదు. ఆపరేటరు ఒక్కడే ఉన్న ఊరిలో, అతడు బాగుగా చేసిన కేబుల్ స్వర్గము. చేయనిచో మాటలాడుటకు రెండవ గుమ్మము లేదు. డిష్ ఆకాశములో నున్నదన్న తెలివిడియే కొన్ని వీధులలో కేబుల్ సేవను మెరుగుపరచినది.

బాక్సు విషయమున జాగ్రత్త అవసరము. సాధారణముగా ఒక సంస్థ బాక్సు మరియొక సంస్థకు పనికిరాదు. కావున సంస్థ మార్చినచో బాక్సుకు పెట్టిన సొమ్ము పోయినట్లే. అద్దె ఇండ్లలో ఉండి, రెండేండ్లకొకసారి బదిలీపై పోవు ఉద్యోగులకు డిష్ మేలు. విప్పి, బండిలో వేసికొని, పార్వతీపురములోనైనను, అనంతపురములోనైనను తిరిగి బిగించుకొనవచ్చును. సొంత ఇంటిలో స్థిరముగా ఉన్నవారికి ఈ వెసులుబాటుతో పనిలేదు.

సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము కొండ పల్లెలలో ఇండ్లు దూరదూరముగా ఉండును. తీగ లాగుట ఏ ఆపరేటరుకును గిట్టుబాటు కాదు. అచ్చట డిష్ ఒక్కటే మార్గము. నెలసరి చందా భారమగు కుటుంబములకు ఫ్రీ డిష్ యోగ్యమైనది. పళ్ళెమునకు, బాక్సుకు ఒక్కసారి సొమ్ము పెట్టినచో ఆపైన చందా లేదు. దానిలో హిందీ చానెళ్లు అధికము, తెలుగు తక్కువ. కాని దూరదర్శన్ సప్తగిరి వచ్చును. ఆకాశవాణి కేంద్రములు కూడ అనేకము వినవచ్చును. ఇచ్ఛాపురము వైపు తెలుగు, ఒడియా రెండును మాటలాడు కుటుంబములున్నవి. వారు మూట కొనుటకు ముందు ఒడియా చానెళ్లు అందులో ఉన్నవో, విడిగా కొనవలెనో చూచుకొనవలెను.

ఇంతకును ఏది మంచిది? ఒక్క మాటలో తీర్పు చెప్పుట అందరికి ఒకే కొలత చొక్కా కుట్టుటవంటిది. మా అభిప్రాయమిది. శ్రీకాకుళము, విజయనగరము, బొబ్బిలి వంటి పట్టణములలో, పిలిచిన పలికెడి ఆపరేటరున్న వీధిలో, ఇంటిలో వృద్ధులుండి రీచార్జి గొడవలు పడలేనివారికి కేబుల్ అనుకూలము. ఇంటర్నెట్ కూడ కావలసినవారికి గాజు తీగ మరింత అనుకూలము. తీర గ్రామములలో, కొండ పల్లెలలో, శివారు ఇండ్లలో, బదిలీ ఉద్యోగములలో ఉన్నవారికి డిష్ మేలు. ఎన్ని వందల చానెళ్లన్నది చివర అడుగవలసిన ప్రశ్న. మొదట అడుగవలసినది మా వీధిలో కరెంటు పోయినచో బొమ్మ వచ్చునా అని. రెండవది, చెడిపోయినచో వచ్చి బాగుచేయువారెవరు, ఎన్ని దినములలో వత్తురు అని. మూడవది, పన్నులతో కలిపి ఏడాదికి ఎంత అని. ఈ మూడింటికి నికరమైన సమాధానము చెప్పగలవారిదే మంచి సేవ.

డిష్ పెట్టించుకొనువారు పిట్టగోడ అంచున కాక, కాంక్రీటు కప్పునకే గట్టి బోల్టులతో బిగించుమనుడు. తుపాను హెచ్చరిక అందినపుడు ఎగిరిపోవునేమో అను శంక ఉన్నచో, గాలి రాకమునుపే పళ్ళెమును విప్పి లోపల పెట్టుకొనుట ఉత్తమము. విప్పుటకు ముందు కాలు మీద సుద్దతో కాక పెయింటుతో గుర్తు పెట్టుకొన్నచో తిరిగి అదే దిక్కునకు నిలుపుట సులభము.

చివరకు ఒక మాట. ఇది స్వవిషయమని మీరు నవ్వినను సరే, చెప్పక తప్పదు. తీగ తెగి, పళ్ళెము ఎగిరి, కరెంటు పోయి, సెల్‌ఫోను టవరు కూడ మూగపోయిన రాత్రి ఒకటి ఈ తీరమున ఎప్పుడైనను రావచ్చును. దూరముననున్న ప్రసార కేంద్రము నిలిచియున్నంతకాలము, ఆ రాత్రి మీ ఇంటికి వార్త తేగలిగినది రెండు బ్యాటరీలతో నడచు చిన్న ట్రాన్సిస్టరు. దానికి చందా లేదు, రీచార్జి లేదు. ఆశ్వయుజ కార్తికములు వచ్చుటకు ముందు కొత్త బ్యాటరీలు నాలుగు కొని బీరువాలో దాచుడు. పాతవి రేడియోలోనే వదలి తుప్పు పట్టనీయకుడు. కేబులా, డిష్షా అన్నది ఆ తరువాత తీరికగా తేల్చుకొనవచ్చును.